కొండెంగ చెప్పింది, దుప్పి విన్నది

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో డిండి దాటి ఇంకాస్త ముందుకు పోతే మన్ననూరు చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది, తెల్లారి ఆరుకు లేస్తుంది. ఆ తొమ్మిది గంటలూ రోడ్డు అడవిది. మిగతా పదిహేను గంటలూ బస్సులది, బైకులది, చిప్స్ పొట్లాలది. గేటు దాటిన దగ్గర్నుంచి రోడ్డు వార రాళ్ల మీద కోతులు వరసకట్టి కూర్చుంటాయి. వాటి చూపు చెట్ల మీద ఉండదు, కారు అద్దాల మీద ఉంటుంది. అద్దం దిగే చప్పుడు వాటికి ఎంత దూరాన్నుంచైనా వినిపిస్తుంది. కారు నడుపుతున్న మా బావమరిది ఒక బిస్కెట్టు విసరబోయి, పక్కనే ఉన్న అటవీశాఖ బోర్డు చూసి, దాన్ని తనే తినేశాడు.

నల్లమలకు జనం రెండు దర్శనాల కోసం వస్తారు. మల్లన్న దర్శనం ఒకటి, పులి దర్శనం రెండోది. మొదటిదానికి టికెట్టు ఉంటే చాలు. రెండోదానికి టికెట్టు ఉన్నా చాలదు. 1978లో అభయారణ్యంగా మొదలై, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి విస్తీర్ణంలో దేశంలోని పులుల అడవులన్నిటికంటే పెద్దదిగా పేరు తెచ్చుకుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. దక్షిణ భాగం పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. పులికి ఈత వచ్చు కాబట్టి ఈ విభజనతో దానికి పెద్ద పేచీ లేదు.

నాకు పులి మీద మరీ అంత ఆశ లేదు. పులి చుట్టూ ఉండే గోల మీదే నా ఆసక్తి అంతా. ఎవరు ఎవరి పక్కన మేస్తారు, ఎవరు పారేసింది ఎవరు ఏరుకుంటారు, ఎవరి కేకకు ఎవరు తల ఎత్తుతారు, ఇవి చూడాలని ఫర్హాబాద్ వైపు మళ్లాం. నిజాం జమానాలో వేటకు పేరుపడ్డ చోటు అది. ఇప్పుడు అక్కణ్నుంచి సఫారీ జీపులు లోపలికి వెళ్తాయి. మా జీపులో ఒక చెంచు పెద్దాయన ఎక్కాడు. మేమాయన్ని పెద్దయ్యా అన్నాం. ఆయన నన్ను సారు అన్నాడు, మా బావమరిది పొట్ట చూసి పటేలా అన్నాడు.

ఫాల్గుణం చివరి రోజులు. చిరుమాను, ఏగిస, తునికి ఆకు రాల్చేశాయి. కొండగోగు కొమ్మన ఒక్క ఆకు లేకుండా పసుపుపచ్చటి పూలు పూసింది. మోదుగ పూల మీద గోరింకలు, తేనెపిట్టలు, ఉడుతలు ముక్కూ మూతీ పుప్పొడి చేసుకుని తిరుగుతున్నాయి. ఇంత ఎండిన అడవిలో చూపు చాలా దూరం పోతుంది. అది చూసేవాడికి ఎంత మేలో, వేటాడేవాడికి అంత కీడు.

ఒక మలుపులో జువ్విచెట్టు అప్పుడే చిగురు తొడిగి రాగిరంగులో మెరుస్తోంది. చెట్టు నిండా కొండముచ్చులు, చెట్టు కింద దుప్పులు. డ్రైవరు ఇంజను ఆపాడు.

"గవి కొండెంగలు సారు. గది వాళ్ల ఇల్లు. దుప్పులు చుట్టాలు," అన్నాడు పెద్దయ్య.

కొండెంగ తిండి చూస్తే అత్తారింట్లో కొత్తల్లుడు గుర్తొస్తాడు. కొమ్మ లాగుతుంది, నాలుగు చిగుళ్లు కొరుకుతుంది, మిగతాది కిందికి వదిలేస్తుంది. కాయ తుంపుతుంది, ఒక్క కొరుకు కొరికి మొహం తిప్పుకుంటుంది. ఆ పారేసినదాని కోసమే కింద దుప్పులు మెడలు చాచి నిలబడ్డాయి. తమ మూతికి అందని ఎత్తులో ఉన్న లేతాకు ఈ వేసవిలో వాటికి ఇలా తప్ప దొరకదు. నేలమీద గడ్డి ఎండి గరుకెక్కిపోయింది. మేం చూస్తుండగానే దూరంగా మేస్తున్న ఇంకో మంద, కొమ్మ విరిగిన చప్పుడు విని, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి చేరింది.

మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవిలో పాల్ న్యూటన్ అనే శాస్త్రవేత్త ఈ పొత్తునే పట్టుకుని వెంబడించాడు. 1989లో అచ్చయిన ఆయన పరిశోధనా పత్రం పేరులోనే ప్రశ్న ఉంది: ఈ రెండు జంతువులూ ఒకచోట చేరడం యాదృచ్ఛికమా, ఇచ్చిపుచ్చుకోవడమా? ఏరుకు తినడానికి దుప్పికి తిండి దొరుకుతుందన్నది కంటికి కనిపించే సంగతే. మరి కొండెంగకు ఏం ముడుతుంది? అక్కడే లెక్క చిక్కుపడుతుంది. కింద పదిహేను ముక్కులు, ముప్పై చెవులు కాపలా ఉంటే నేల మీదికి దిగి నీళ్లు తాగడానికి ధైర్యం వస్తుందని ఒక ఊహ. కానీ దుప్పి లేని చోట కూడా కొండెంగ బతుకుతుంది, దిగుతుంది, తాగుతుంది. నా లెక్కలో ఈ వ్యాపారంలో దుప్పిదే పైచేయి. కొండెంగకు అది తెలియదు, తెలిసినా పట్టించుకోదు.

ఉసిరికాయ సంగతి ఇంకా తమాషా. చలికాలంలో కొండెంగలు ఉసిరి కొమ్మలు కుదిపి రాల్చుతాయి. దుప్పులు కాయలు గుటుక్కున మింగుతాయి. తర్వాత ఏ నీడలోనో పడుకుని నెమరు వేసేటప్పుడు గట్టి గింజలు నోట్లోకి వస్తే ఉమ్మేస్తాయి. పొద్దున ఒకచోట తిన్నది, మధ్యాహ్నం ఇంకోచోట ఉమ్మినది: ఉసిరి అలా అడవిలో నడుస్తుంది. చెట్టుకు కాళ్లు లేవనే మాట పూర్తిగా నిజం కాదు.

అంతలో చెట్టు కొన నుంచి ఒక మగ కొండెంగ ఖక్ అని దగ్గింది. మళ్లీ ఖక్, ఖక్. దుప్పుల తలలన్నీ ఒక్కసారి లేచాయి. నేను గమనించినది ఇది: అవి పొదలవైపు చూడలేదు. ముందు కొండెంగవైపు చూశాయి, అది ఎటు చూస్తోందో చూసి అప్పుడు అటు తిరిగాయి. ఒక ముసలి ఆడదుప్పి ముందుకాలు నేలకు కొట్టి క్యావ్ మని అరిచింది. లోయ అవతల ఎక్కడో నెమలి అందుకుంది. మా బావమరిది నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పెద్దయ్య మాత్రం కదల్లేదు. బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.

"దుప్పి మాట సగమే నమ్మాలె సారు. ఆకు కదిలినా మొత్తుకుంటది. నెమలి గూడ గంతే. కణుజు ఒర్రాలె. కణుజు ఒర్రిందంటే ఉన్నట్టే."

"మరి కొండెంగ?"

"కొండెంగ కండ్లతోని చూసే ఒర్రుతది. గని ఊరకుక్కను చూసినా ఒర్రుతది."

కోర్టులో సాక్షుల విలువ కట్టే న్యాయవాది ఇంత స్పష్టంగా చెప్పడం నేను వినలేదు. కణితిని ఆయన కణుజు అంటాడు. అది పెద్ద జంతువు, చిన్నాచితకా వాటికి బెదరదు. అందుకే దాని ఒక్క గర్జింపుకు అడవిలో పరపతి. మేం చాలాసేపు కాచుకున్నాం. కణుజు ఒర్రలేదు. కొండెంగ దగ్గు నెమ్మదించింది, దుప్పులు మళ్లీ తలలు దించాయి. చిరుతో, రేచుకుక్కో, ఊరకుక్కో, ఏదో వచ్చి పోయి ఉండాలి. పులి అయితే కాదని పెద్దయ్య తీర్పు. మేమూ ఏమీ చూడలేదు.

ఈ కేకలు వేటాడే జంతువుకు కూడా వినిపిస్తాయన్న సంగతి మనం మర్చిపోతుంటాం. ఐవరీ కోస్ట్‌లోని తాయి అడవిలో చిరుతలకు రేడియో కాలర్లు కట్టి గమనించారు. పొంచి ఉన్న చిరుతను చూసి కోతులు గోల మొదలుపెట్టగానే అది ఆ చోటు వదిలి వెళ్లిపోతోందని తేలింది. పట్టుబడ్డ దొంగకు ఆ వీధిలో ఇంక పని లేదు. అంటే ఆ అరుపు తోటివాళ్లకు హెచ్చరికే కాదు, వచ్చినవాడికి 'నిన్ను చూశాం పో' అనే కబురు కూడా. మన దక్షిణాది అడవుల్లోనే ఉమా రామకృష్ణన్, రిచర్డ్ కాస్ చేసిన పని మరొకటి ఉంది, 2000లో అచ్చయింది. కొండముచ్చుల కేకలు, కణితి కేకలు రికార్డు చేసి మామూలు కోతులకు వినిపించారు. తమ భాష కాకపోయినా అవి ఉలిక్కిపడి పరుగు తీశాయి. పుట్టుకతో వచ్చినదో, పక్కింటివాళ్ల మధ్య పెరిగి నేర్చుకున్నదో గానీ, అడవిలో ఒక్క భాషే వచ్చినవాడు ఎక్కువ రోజులు బతకడు.

టీవీలో అడవి గురించి రెండు రకాల కథలు చెబుతారు. ఒకదాంట్లో అడవి ఒక కుటుంబం, అందరూ అందరికీ సాయం. రెండోదాంట్లో బలవంతుడిదే రాజ్యం, పంజా మీద నెత్తురు. ఫర్హాబాద్ మలుపులో నాకు ఆ రెండూ కనిపించలేదు. కొండెంగ దుప్పికి చెప్పలేదు. తన పిల్లలకు చెప్పుకుంది, లేదా చిరుతను తిట్టింది. దుప్పి చాటుగా విన్నది. నెమలి దుప్పిని విన్నది. పెద్దయ్య నెమలిని విన్నాడు. మేం పెద్దయ్య మొహం చూశాం. ఎవరి గోల వారిది. పక్కవాడి చెవికి అది సమాచారం. పక్కవాడి పారవేత తిండి. దానగుణం అనడానికి ఇందులో ఏమీ లేదు, అయినా ఈ వరసలో ఒక్కణ్ని తీసేస్తే మిగతావాళ్లు సగం గుడ్డివాళ్లవుతారు.

ఈ వరసలో అబద్ధాలకోరు కూడా ఉన్నాడు. వెదురు పొదల దగ్గర డేగ కూత వినిపించింది, వెంటనే పిల్లి అరుపులాంటిది, ఆ వెంటనే ఇంకేదో పిట్ట పాట. చూస్తే అన్నీ ఒక్క పిట్టవే. నల్లగా నిగనిగలాడే ఏట్రింత, తోక నుంచి రెండు పొడుగాటి తీగలు, వాటి చివర బిళ్లలు. శ్రీలంక అడవుల్లో ఎబెన్ గుడేల్, సరత్ కొటగామ ఈ పిట్ట మీద చాలా పని చేశారు. పలు జాతుల పిట్టలు కలిసి మేత వెతికే గుంపుల్లో ఇది చేరుతుంది. అవి ఆకులు కదిలిస్తే ఎగిరే పురుగుల్ని పట్టుకుంటుంది. ప్రమాదం వచ్చినప్పుడు ఇతర పిట్టల హెచ్చరిక కూతల్ని, వేటాడే పక్షుల కూతల్ని అనుకరిస్తుంది. ఇతరుల పాటలు పాడి వాటిని దగ్గరికి రప్పించుకుంటుంది కూడా. గుంపుకు కాపలాదారూ ఇదే, గుంపు శ్రమ మీద బతికేదీ ఇదే. ఇలాంటి పాత్రను కన్యాశుల్కం చదివిన తెలుగువాళ్లకు వేరే పరిచయం చెయ్యాల్సిన పని లేదు.

మధ్యాహ్నం ఒక ఎండిన వాగులో ఆగాం. ఒడ్డున మేడిచెట్టు. మొదలు నుంచి కొమ్మల దాకా గుత్తులు గుత్తులుగా కాయలు. మా బావమరిది ఒక పండు విప్పి చూసి, 'బావా, పురుగులు' అని పారేశాడు. మేడిపండు అనగానే పొట్ట విప్పి పురుగులు చూపించే పద్యం మనకు అక్షరాభ్యాసంతో పాటే వచ్చేస్తుంది. వేమన చెప్పదలుచుకున్నది మనుషుల గురించి, అందులో తప్పు పట్టేదేమీ లేదు. చెట్టు తరఫున మాత్రం ఒక మాట చెప్పాలి. ఆ పురుగు లేకపోతే మేడికి విత్తనమే లేదు.

మేడికాయ నిజానికి కాయ కాదు, లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. వందల పూలు చీకట్లో పూస్తాయి. తేనెటీగ అక్కడికి పోలేదు, గాలి పోలేదు. కాయ కొనన ఉన్న సన్నటి రంధ్రంలోంచి దూరగలిగేది ఒక్క రకం కందిరీగ, అదీ మిల్లీమీటర్ల లెక్కలో ఉండేది. మేడికి దాని కందిరీగ వేరు, మర్రికి వేరు, రావికి వేరు. ఆడ కందిరీగ ఆ ఇరుకులో రెక్కలు తెగ్గొట్టుకుని లోపలికి దూరుతుంది. తెచ్చిన పుప్పొడి పూలకు అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. గుడ్డుపడ్డ పువ్వు పురుగుకు ఊయల, పడనిది విత్తనం. వారాలు గడిచాక లోపల మగ కందిరీగలు ముందు పుడతాయి. వాటికి రెక్కలే ఉండవు. ఆడవాటితో కలుస్తాయి, కాయ గోడకు సొరంగం తవ్వుతాయి, అంతటితో వాటి బతుకు సరి. ఆడవి పుప్పొడి మోసుకుని ఆ సొరంగంలోంచి బయటికి ఎగిరి ఇంకో చెట్టు వెతుక్కుంటాయి. అప్పుడు పండు ఎర్రబడి మెత్తబడుతుంది. కొండెంగ, ఉడుత, పచ్చపావురం, గబ్బిలం దిగుతాయి. కింద రాలినది దుప్పికి, పందికి, ఎలుగుకు.

ఇంత కుదురైన ఏర్పాటులో దొంగలు లేకుండా ఉంటారా? పొడుగాటి సూదిలాంటి అవయవంతో కాయ బయటి నుంచే పొడిచి లోపల గుడ్లు పెట్టే కందిరీగలు వేరే ఉన్నాయి. అవి పుప్పొడి తేవు, చోటు మాత్రం ఆక్రమిస్తాయి. పెద్దయ్య చూపించిన కాయ మీద ఎర్ర చెట్టుచీమలు బారులు తీరి తిరుగుతున్నాయి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రెనీ బోర్జెస్ బృందం ఏళ్ల తరబడి మేడిచెట్టునే చదువుతోంది. కాయల్లోంచి, కందిరీగల్లోంచి వెలువడే వాసనలను బట్టి చీమలు ఎలా స్పందిస్తాయో వాళ్లు పరీక్షించారు. వేటాడే చీమ కాయ మీద తిరుగుతుంటే బయటి నుంచి పొడిచే దొంగకు నిలకడగా నిలబడి పని చేసుకునే వీలుండదు. అయితే చీమ మంచి కందిరీగను కూడా దొరికితే వదలదు. పోలీసుకు జీతం ఎవరిస్తున్నారో చీమకు తెలియదు కదా.

మా బావమరిది ఇదంతా విని ఇంకో పండు తెంపాడు. ఈసారి విప్పకుండా నోట్లో వేసుకున్నాడు.

వాగు ఒడ్డునే ఒక నల్లమద్ది కొమ్మ మీద బదనిక దట్టంగా అల్లుకుంది. దాని పండు తినే బొటనవేలంత పిట్టకు జిగురు గింజ వెనకనుంచి సరిగా ఊడిపడదు. పక్క కొమ్మకు రుద్దుకుంటుంది. ఆ రుద్దిన చోటే కొత్త బదనిక మొలుస్తుంది. చెట్టు రసం పీల్చి బతికే మొక్కకు పిట్ట చేసే సేవ చెట్టుకు శాపం. ముగ్గురిలో ఇద్దరికి లాభం, ఒకరికి నష్టం. పెద్దయ్యకు బదనిక మీద పెద్ద కోపం లేదు, వైద్యానికి పనికొస్తుందన్నాడు. నాకైతే ఆ మద్దిచెట్టు మీద జాలి కలిగింది.

ఆ రాత్రి మన్ననూరులో పడుకుని, తెల్లవారకముందే మళ్లీ పెద్దయ్య వెంట నడిచాం. ఈసారి జీపు లేదు, ఊరి అంచున ఉన్న ఇప్పచెట్ల దాకానే. ఇప్పపువ్వు వేళకు నల్లమలలో నిద్రపోయేవాళ్లు తక్కువ. చీకట్లో గబ్బిలాలు పూలమీద వాలుతాయి. ఆ తియ్యటి గుజ్జు తినే పనిలో పుప్పొడి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు చేరుస్తాయి. తెల్లవారుజామున పూలు టపటపా రాలడం మొదలవుతుంది. అప్పుడు నేలమీది వాళ్ల వంతు. దుప్పులు వస్తాయి, పందులు వస్తాయి, చెంచు ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని వస్తారు. గుడ్డెలుగు వస్తుంది.

ఇప్పచెట్టు కిందే మనిషికీ ఎలుగుకూ పేచీ. ఇద్దరికీ ఒకే పువ్వు, ఒకే వేళ. పులికంటే ఎలుగంటేనే పెద్దయ్యకు ఎక్కువ భయం. "పులి మనల్ని చూసి పోతది. గుడ్డెలుగు మనల్ని చూడదు. మీద పడ్డంక చూస్తది," అన్నాడు. నడుస్తున్నంతసేపూ ఊరికే దగ్గుతున్నాడు, కర్రతో రాళ్లను తడుతున్నాడు. నిన్న జీపులో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న మనిషి ఇప్పుడు కావాలని చప్పుడు చేస్తున్నాడు. ఒకచోట వినడం, ఇంకోచోట వినిపించడం.

దారిలో ఒక పుట్ట పక్క మీద మూరెడు లోతు గొయ్యి, చుట్టూ తాజా మట్టి. ఎలుగు పని. ఎలుగుకు పైవరస ముందుపళ్లలో మధ్య రెండూ ఉండవు. ఆ సందులోంచి చెదల్ని గొట్టంతో లాగినట్టు లాగేస్తుంది. ముక్కు రంధ్రాలు మూసుకోగలదు కాబట్టి దుమ్ము లోపలికి పోదు. ఆ పీల్చే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఆ చప్పుడులో దానికి ఇంకేమీ వినపడదు, మనిషి అడుగులు కూడా. ప్రమాదాలు ఎక్కువగా అక్కడే. కొంచెం అవతల దాని పెంట కనిపించింది, నిండా రేగు గింజలు. ఎండాకాలం ముదిరితే తునికి గింజలుంటాయి, వానలు మొదలైతే నేరేడు గింజలు. చెదల్ని తిని పుట్టను పాడుచేసేది అదే, రేగును, తునికిని, నేరేడును అడవంతా నాటేది అదే.

ఇప్పచెట్ల కింద ఆ తెల్లవారుజామున ఎలుగు రాలేదు. ఆడవాళ్లు వచ్చారు. పూలు ఏరుతూ ఒకరినొకరు గట్టిగా పిలుచుకుంటున్నారు. ఆ పిలుపుల్లో సగం కబుర్లు, సగం ఎలుగు కోసం. కొందరు పూలు కనిపించడానికి చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు, అదే ఒక్కోసారి అడవిని తగలబెడుతుంది. అటవీశాఖకు, ఏరేవాళ్లకు దీని మీద ఏటా గొడవ. చీపురుతో ఊడ్చి ఏరుకోవడం కష్టమేమీ కాదని నేను అనుకున్నాను. పెద్దయ్య కూడా అదే అన్నాడు, కాకపోతే నిప్పు పెట్టేది తమవాళ్లు కారని కూడా అన్నాడు.

పొద్దెక్కాక లోయ అంచుకు తీసుకెళ్లాడు. ఎదురుగా నిటారు కొండచరియ, దానికి కింద నుంచి వేలాడుతున్న తేనెపెరలు, ఒక్కొక్కటి చేటంత, నల్లగా. ఇవి కొండ తేనెటీగలు, గూటి మీద తెర కట్టినట్టు వేలకొద్దీ ఈగలు ఒకదాని మీద ఒకటి పట్టుకుని ఉంటాయి. ఒక పెద్ద కందిరీగ ఆ దగ్గరికి రాగానే గూటి మీద ఒక అల పుట్టింది. ఈగలు వరసగా తోకలు పైకెత్తి దించుతుంటే నల్లటి పెర మీద తెల్లటి మెరుపు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పరుగెత్తింది. మళ్లీ మళ్లీ. కందిరీగ దగ్గరికి రాలేక తప్పుకుంది. గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త నేపాల్‌లో ఈ అలల్ని వీడియోలు తీసి లెక్కగట్టాడు. కుట్టకుండానే కందిరీగను వెళ్లగొట్టే పద్ధతి ఇదని 2008లో ప్రచురించాడు. బెదిరింపుతోనే పని జరిగితే గూటికి ఎంతో ఆదా. తేనెగద్ద మీద మాత్రం ఈ బెదిరింపు పారదు. దాని మొహం చుట్టూ ఈకలు పొలుసుల్లా దట్టంగా ఉంటాయి. పెర చీల్చి పిల్లపురుగులు తింటుంది, మిగిలిన మైనం ముక్కల కోసం కింద చీమలు.

చెంచుల మీద కూడా అల పారదు. పొగ పెడతారు, తాడు కట్టుకుని చరియ మీంచి దిగుతారు. పైన తాడు పట్టుకునేవాడు భార్య తమ్ముడో అన్నో అయి ఉండాలి. తోబుట్టువు తాళి తెగనివ్వడు కాబట్టి తాడు తెగనివ్వడని లెక్క. పెద్దయ్య ఈ మాట చెప్పగానే నేను మా బావమరిది వైపు చూశాను.

"నన్ను చూడకు బావా. నాకు చేతులు చెమట పడతాయి," అన్నాడు.

పెద్దయ్య పెర మొత్తం కొయ్యడు. కొంత ఉంచుతాడు. ఎందుకని అడిగితే, అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు చూశాడు. కోసిన తేనె కొంత ఇంటికి, కొంత గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ కొనుగోలుకు. ఈ ఈగలే మద్దికి, నేరేడుకు పుప్పొడి మోస్తాయని ఆయనకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఈగలు లేని ఏడు కాయలు లేవని మాత్రం తెలుసు.

చెంచుల గురించి క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. అప్పటికి అమ్రాబాద్ పీఠభూమి మీద వీళ్ల పెంటలు, అంటే చిన్న గూడేలు, చెట్ల మధ్య చెట్లంత సహజంగా ఉండేవి. ఇప్పుడు ఆ పెంటల్లో కొన్ని పులుల అడవి నడిబొడ్డున ఉన్నాయి. పులికి మనిషి లేని చోటు కావాలని చట్టం అంటుంది, అడవి మీద అడవివాళ్లకు హక్కు ఉందని 2006 నాటి ఇంకో చట్టం అంటుంది. స్వచ్ఛందంగా బయటికి వెళ్లే కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెంచారు. అదే చెంచుల్ని అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలాకు, పులి అడుగులు వెతకడానికి జీతమిచ్చి పెట్టుకుంటుంది. వాళ్లకంటే బాగా వినేవాళ్లు దానికి దొరకరు మరి. మందలు, ట్రాక్టర్లు, రిసార్టులు అడవిలోంచి పోవాల్సిందేనని నేననుకుంటాను. కణుజు ఒర్రిందో లేదో చెప్పగలిగే మనిషిని కూడా ఆ లెక్కలోనే కలిపి బయటికి పంపడం మాత్రం నాకు మింగుడుపడలేదు. పెద్దయ్యను అడిగాను, పోతావా అని. కొడుకు పోదామంటాడు, పిల్లల చదువు ఉంది, ఆసుపత్రి ఉంది అన్నాడు. తన సంగతి చెప్పలేదు.

తిరుగుదారిలో ఒక పెద్ద పుట్ట దగ్గర ఆగి దాని అడుగున కర్రతో తట్టాడు. ఇలాంటి పుట్టల్లోని చెదలకు కట్టెను అరిగించుకోవడం సరిగా చేతకాదు. అందుకని పుట్ట లోపల గదులు కట్టి, నమిలిన కట్టె మీద బూజు పెంచుతాయి. ఆ బూజు కట్టెను మెత్తబరుస్తుంది, అప్పుడు తింటాయి. మనుషులు నాగలి పట్టడానికి కోట్ల ఏళ్ల ముందు నుంచీ చేస్తున్న సేద్యం అది. తొలకరి పడ్డాక ఆ బూజే పుట్టలోంచి తెల్లటి గొడుగులై పైకి పొడుచుకొస్తుంది. ఎలుగుకు, పందికి, మనిషికి అందరికీ అప్పుడు పండగే.

"ఆనలు పడ్డంక రా సారు. పుట్టకొక్కులు కూర చేయిస్త. మటన్ ఎందుకు పనికొస్తది?"

"జూలై నుంచి సెప్టెంబరు దాకా గేటు మూసేస్తారు గదా పెద్దయ్యా, సఫారీ ఉండదు," అన్నాను.

"మీకు మూస్తరు," అని బీడీ వెలిగించుకున్నాడు. "పటేలను గూడ తోల్కరా. తాడు పట్టుడు నేర్పిస్త."